పాత పీఎల్‌సీ పాస్‌వర్డ్ దొరికింది, భయం పట్టుకుంది

మా పీఎల్‌సీకి, అంటే యంత్రాలను నడిపించే పారిశ్రామిక కంట్రోలర్‌కి, ప్రోగ్రాం రాసినాయన రిటైరయ్యారు, పాస్‌వర్డ్ ఎక్కడా రాసిపెట్టలేదు. రెండు రోజులు ఒకటే టెన్షన్. చివరికి మేనేజర్ అనుమతితో సీరియల్ కేబుల్ మీద పోయే డేటాను గమనిస్తే, పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే కనిపించింది! సాఫ్ట్‌వేర్ అడగ్గానే కంట్రోలరే దాన్ని పంపేస్తోంది, సరిచూసుకునేది కంప్యూటర్‌లో. సంతోషం కంటే భయమే ఎక్కువ వేసింది. నాకు దొరికింది ఇంకెవరికైనా దొరుకుతుంది కదా. ఇలాంటి కంట్రోలర్లు డేటా ఇచ్చిపుచ్చుకోవడానికి 1979లో వచ్చిన మోడ్‌బస్ అనే పద్ధతిలోనైతే అసలు పాస్‌వర్డ్ ఊసే లేదు.

ఇంకో మాట, నెట్‌లో దొరికే క్రాకింగ్ టూల్స్ జోలికి దయచేసి వెళ్లకండి. 2022లో డ్రాగోస్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు అలాంటి ఒకదాన్ని విప్పి చూస్తే, అది పాస్‌వర్డ్ ఇస్తూనే సాలిటీ అనే మాల్వేర్‌ను కంప్యూటర్‌లోకి దించుతోంది.

మా కంట్రోలర్‌ను ఆఫీసు నెట్‌వర్క్ నుంచి ఇవాళే విడదీశాం. ప్రోగ్రాం బ్యాకప్, పాస్‌వర్డ్ రెండూ సీల్ చేసిన కవర్లో లాకర్‌లో ఉన్నాయి.