గ్రాండ్ కేన్యన్‌లో కుళాయి నీళ్లు

ఫీనిక్స్‌లో ఉద్యోగం చేసే తెలుగువారి ఇంటికి స్వదేశం నుంచి పెద్దలెవరైనా వస్తే, మొదటి శని, ఆదివారాల్లోనే గ్రాండ్ కేన్యన్ చూపించడం రివాజు. పులిహోర, పెరుగన్నం కట్టుకుని మూడున్నర గంటలు కారులో వెళ్లి, మాథర్ పాయింట్ దగ్గర ఫోటోలు దిగి, సూర్యాస్తమయం చూసి వస్తాం. తాగునీటి పైపులైన్లకు డిజైన్లు వేయడం నా వృత్తి కాబట్టి, లోయకంటే కాలిబాట మొదట్లో సీసాలు నింపుకునే కుళాయి దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడతాను. సముద్రమట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తున్న ఈ దక్షిణపు సున్నపురాతి అంచుకు కొలరాడో నది మైలు లోతున పారుతోంది. ఏటా వచ్చే సుమారు 45 లక్షల మందికి నీళ్లు ఎదుటి గట్టున, ఉత్తరపు అంచుకు బాగా కింద, కొండచరియలోంచి దూకే రోరింగ్ స్ప్రింగ్స్ ఊట నుంచి రావాలి.

గ్రామీణ నీటి సరఫరా శాఖలో పనిచేసి రిటైరైన మా మామగారు ఈ సంగతి వినగానే, "ఇంత దిగుడులో గొట్టం ఒత్తిడికి ఎట్లా ఆగుతోంది బాబూ?" అని అడిగారు. నిజానికి ఆగడం లేదు. 1970లో పూర్తయిన పన్నెండున్నర మైళ్ల అల్యూమినియం గొట్టం ఊట నుంచి 2,500 అడుగులకు పైగా దిగి, సిల్వర్ బ్రిడ్జి మీదుగా నది దాటి, ఆ దిగుడు బలంతోనే మళ్లీ నదికీ దక్షిణపు అంచుకూ నడుమనున్న హవసుపాయ్ గార్డెన్స్ దాకా ఎక్కుతుంది. అక్కడి నుంచి పంపులు దక్షిణపు అంచుకు చేరుస్తాయి. కట్టుబడిలో ఉండగానే 1966 డిసెంబరు వరద చాలా భాగాన్ని ఊడ్చుకుపోయింది. ముప్పయ్యేళ్ల ఆయుష్షు ఎప్పుడో తీరిన ఈ గొట్టం 2010 నుంచి 85 సార్లకు పైగా పగిలింది. రోడ్డు లేని చోట పగిలితే మనుషులూ సామగ్రీ హెలికాప్టర్‌లో దిగాలి కాబట్టి ఒక్కో మరమ్మతుకు 25,000 డాలర్లు దాటుతుంది.

2024 ఆగస్టులో వరుసగా నాలుగు చోట్ల పగిలినప్పుడు, లేబర్ డే సెలవుల ముందు దక్షిణపు అంచున రాత్రి బసలన్నీ ఆపేశారు. గదులు బుక్ చేసుకున్న మావాళ్లు చాలామంది విసుక్కున్నారు గానీ, ట్యాంకులో నిల్వ తరుగుతుంటే, చుట్టూ ఎండిన అడవి ఉంటే, మంటలార్పే నీటిని స్నానాలకు వదలకపోవడమే సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

2023లో మొదలైన 20.8 కోట్ల డాలర్ల కొత్త పథకంలో, ఊటదాకా పోకుండా కింద లోయ అడుగున ఉన్న ఫాంటమ్ రాంచ్ అనే బస దగ్గరే బ్రైట్ ఏంజెల్ వాగులోంచి నీరు తీసుకుంటారు. ఎక్కువగా పగిలే పై భాగం మీద ఆధారపడే అవసరం దానితో తగ్గుతుంది. బదులుగా నీటిని నది మట్టం నుంచే పైకి తోడాలి.

"అయితే ఎత్తిపోతలే" అన్నారు మామగారు, "కరెంటు బిల్లు ఎవరు కడతారు?" ప్రవేశ రుసుము రసీదు ఆయన చేతిలో పెట్టాను.