గేర్‌బాక్స్ దించకుండానే తేలిన క్లచ్ గొడవ: నా అనుభవం

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండికి క్లచ్ దగ్గర ఏ తేడా వచ్చినా అనంతపురం షెడ్లలో ముందు వినపడే మాట ఒకటే: "ప్లేటు పోయింది సార్, గేర్‌బాక్స్ దించల్ల." ప్లేటంటే ఇంజిన్ తిరుగుడును గేర్‌బాక్స్‌కు అందించే క్లచ్ పళ్లెం. మామూలు బండికైతే దించి ఎక్కించడం ఒక పూట పని. ఫోర్ వీల్‌కు ముందూ వెనకా ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ విప్పాలి, ట్రాన్స్‌ఫర్ కేసు బరువు మోయాలి, క్రాస్ మెంబరు తీయాలి. అంతా దించాక "ప్లేటు ఇంకా నడుస్తాదిలే సార్" అన్నా కూలి కూలే. దించమన్నవాడు ఒక్కడు కూడా అంతకుముందు కింద క్లచ్‌ను విడిపించే సిలిండర్ రాడ్డు ఎంత జరుగుతోందో కొలిచి చూడలేదు. నా కడుపుమంట అంతా అక్కడే.

నాది పాత డీజిల్ బండి, హైడ్రాలిక్ క్లచ్. అంటే పెడల్ తొక్కితే పైన మాస్టర్ సిలిండర్ పిస్టన్ బ్రేక్ ఆయిల్‌ను పైపులోకి తోస్తుంది, ఆ ఒత్తిడికి కింద స్లేవ్ సిలిండర్ రాడ్డు జరిగి, ప్లేటును విడిపించే ఫోర్కును నెడుతుంది. మొదట కనపడింది ఇది: మొదటి గేరులో క్లచ్ తొక్కి పట్టుకుంటే కాసేపటికి బండి తనంతట తానే ముందుకు పాకేది. గబుక్కున తొక్కితే గేరు పడేది, మెల్లగా తొక్కితే కిర్రుమనేది. డబ్బాలో ఆయిల్ మాత్రం గీత దిగలేదు. ఈ మూడూ కలిశాయంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు అరిగిందని అర్థం. వేగంగా తొక్కినప్పుడు కప్పు అంచు గోడకు అదుముకుంటుంది, మెల్లగా తొక్కితే ఆయిల్ దాని పక్కనుంచి వెనక్కి జారుతుంది. చుక్క కూడా బయటికి కారదు కాబట్టి "లీకేజీ లేదు, సిలిండర్ బాగుంది" అని వదిలేస్తారు. కిట్టు (లోపలి రబ్బర్ల సెట్టు) మార్చాను, పాకడం ఆగింది. బోరులో, అంటే సిలిండర్ లోపలి గోడ మీద, గోరుకు తగిలే గుంటలుంటే మాత్రం కిట్టు వేసి లాభం లేదు, సిలిండరే మార్చాలి.

అదే చేత్తో కింద స్లేవ్ సిలిండర్ దుమ్ము రబ్బరు ఎత్తి చూస్తే లోపల తడి. దాని బోరులో తుప్పు గుంటలున్నాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ లోపలి ఇనుమును తింటుంది. ఆయిల్ ఏళ్ల తరబడి మార్చని బండ్లన్నిటికీ ఇదే గతి. పాత సిలిండర్ పట్టుకెళ్లి కౌంటర్ మీద పెట్టాను. అతను కొత్తదాని బోల్టు రంధ్రాలు దానితో ఆనించి చూసి, "ఇదే సార్, కండ్లు మూసుకోని బిగించుకోండి" అన్నాడు.

కొత్తది బిగించాక పైపులో చిక్కిన గాలి తీయాలి, అది ఇద్దరితో అయ్యే పని. స్లేవ్ సిలిండర్ మీద గాలి వదిలే నిపుల్‌కు తెల్ల పైపు తొడిగి రెండో కొస ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు నిపుల్ వదులు చేసి, బుడగ పోయాక బిగించాలి, ఆ తర్వాతే పెడల్ వదలాలి. డబ్బా సగానికి తగ్గకుండా పోస్తూ ఉండాలి. అయినా బుడగలు ఆగకపోతే గాలి పైపు వంపులో ఇరుక్కుందన్నమాట. అప్పుడు పెద్ద సిరంజిలో ఆయిల్ నింపి నిపుల్ నుంచి పైకి మెల్లగా ఎక్కించాలి, గాలి ఎటూ పైకి పోయేదే కాబట్టి డబ్బాలోకి వచ్చేస్తుంది. పైన డబ్బా పొంగకుండా చూసుకోండి, బ్రేక్ ఆయిల్ పడినచోట పెయింటు లేస్తుంది. పడితే వెంటనే నీళ్లు పోసి కడగాలి.

ఇంతవరకు ఏ చిక్కూ లేదు. పెడల్ గట్టిగా ఉంది, స్పాంజిలా మెత్తబడటం లేదు, ఎక్కడా కారడం లేదు. పైగా మునుపటికంటే తేలిగ్గా దిగుతోంది. కానీ ఇంజిన్ ఆన్‌లో ఉంటే రివర్స్ గేరు గర్రుమంటోంది, మొదటి గేరు తోస్తే గానీ పడటం లేదు. ఇంజిన్ ఆపితే అన్ని గేర్లూ వెన్నలా పడుతున్నాయి. అంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు.

ఇక్కడి నుంచి మొదలైంది నా అవస్థ. ఒక షెడ్డులో "గాలి సరిగా తీయలేదు" అని మళ్లీ తీశారు, సీసా నిండా ఆయిల్ పోయింది తప్ప ఒక్క బుడగ రాలేదు. ఇంకొక షెడ్డులో పెద్ద మెకానిక్ బండి ఎక్కి రెండు గేర్లు వేసి దిగి, చుట్టూ హెల్పర్ పిల్లోళ్లు నిలబడి ఉండగా, "క్లచ్ మీద కాలు పెట్టుకోని నడిపే అలవాటు ఉండాది సార్‌కు. సెట్టు మొత్తం కాలిపోయింది" అన్నాడు. కాలిన ప్లేటు జారుతుంది, అంటే ఎక్కుడులో ఇంజిన్ అరుస్తుంది, బండి వేగం అందుకోదు. నా బండి గువ్వలచెరువు ఘాట్ మూడో గేరులో జారకుండా ఎక్కుతోంది. జారడం వేరు, విడవకపోవడం వేరు అని చెబితే, "పుస్తకాలు సదివి బండ్లు బాగుచేస్తే ఇట్లే ఉంటాది" అని నవ్వారు. ఆయన చేయి జీపుల మీద తిరిగింది. రాడ్డో కేబులో ఉండే బండికి నట్టు తిప్పి సర్దితే సరిపోతుంది, హైడ్రాలిక్‌లో ఆ విద్య పనిచేయదు. తెలియనిది తెలియదని చెప్పే మెకానిక్ దొరికితే వదులుకోకండి, అలాంటివాళ్లు బహు తక్కువ.

దించాలా వద్దా తేల్చేది కొలత ఒక్కటే. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. స్లేవ్ సిలిండర్ పుష్ రాడ్డు మీద సుద్దతో గీత గీసి, పక్కన స్కేలు ఆనించి, పైన మనిషిచేత పెడల్ చివరిదాకా తొక్కించండి. వేళ్లు ఫోర్కు దారిలో పెట్టొద్దు. రాడ్డు పూర్తిగా జరుగుతున్నా గేరు అరుస్తుంటే తప్పు లోపల ఉంది: ఫోర్కు పగిలి ఉండొచ్చు, అది ఆనే గుండు అరిగి ఉండొచ్చు, గేర్‌బాక్స్ షాఫ్టు కొసను మోసే పైలట్ బేరింగు పట్టేసి ఉండొచ్చు, వానలో చాలాకాలం నిలిపిన బండైతే ప్లేటు ఇంజిన్ వెనక తిరిగే ఫ్లైవీలుకు అతుక్కుని ఉండొచ్చు. అప్పుడు దించక తప్పదు. రాడ్డు తక్కువ జరుగుతుంటే తప్పు బయటే ఉంది, గేర్‌బాక్స్ జోలికి పోవద్దు. నా బండికి 14.8 దాకా రావాల్సింది (ఆ లెక్క కింద చెప్తాను), 12 మిల్లీమీటర్లు కూడా దాటలేదు.

తగ్గిన నడక, అంటే రాడ్డు జరగాల్సిన దూరం, ఎక్కడ పోయిందో పెడల్ నుంచి వెతుక్కుంటూ రావాలి. పెడల్‌నూ మాస్టర్ పుష్ రాడ్డునూ కలిపే పిన్ను తీసి చూస్తే, రంధ్రం గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. పిన్ను నడుము అరిగి మెట్టు పడింది. అక్కడే దాదాపు 2 మిల్లీమీటర్లు వృథా. కాలి కింద అది ఐదారింతలై కనపడుతుంది. రంధ్రానికి వెల్డింగ్ పోయించి మళ్లీ డ్రిల్ వేయించి, కొత్త పిన్ను, కొత్త స్ప్లిట్ పిన్ను వేశాను. పుష్ రాడ్డుకూ పిస్టన్‌కూ మధ్య ఒక మిల్లీమీటరు సందు వదలాలి. నడక పెరుగుతుందని ఆ సందు కూడా బిగించేస్తారు కొందరు. అప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ డబ్బాలోకి తిరిగిపోయే చిన్న రంధ్రం మూసుకుపోతుంది, వేడెక్కేకొద్దీ లైనులో ఒత్తిడి నిలిచి క్లచ్ జారడం మొదలవుతుంది. మన ఎండల్లో ఆ పని అసలు చేయొద్దు.

పిన్ను మార్చాక నడక మిల్లీమీటరు చిల్లర పెరిగింది, గరగర తగ్గింది గానీ పోలేదు. రబ్బరు హోసును వేళ్లతో పట్టుకుని పెడల్ తొక్కించి చూశాను, ఉబ్బడం లేదు. పెడల్ బ్రాకెట్టు, ఫైర్‌వాల్ వంగడం లేదు. ఇక మిగిలింది కొత్త స్లేవ్. పెడల్ తేలికైంది కదా, అక్కడ పట్టుకోవాలి. క్లచ్ స్ప్రింగు మారలేదు, మాస్టర్ బోరు మారలేదు, మరి బరువు ఎందుకు తగ్గింది? కింద పిస్టన్ పెద్దదైతేనే తగ్గుతుంది. బలం పెరుగుతుంది, నడక తగ్గుతుంది.

పాతదాన్ని డీజిల్‌తో కడిగి మట్టి గీకితే పోత (సిలిండర్ ఒళ్లు) మీద అంకె కనపడింది: 13/16, అంటే అంగుళాల్లో బోరు వ్యాసం. కొత్తదాని మీద 7/8. బోల్టు రంధ్రాలు, పైపు మర, నిపుల్ అన్నీ ఒకటే. లోపలి బోరు మాత్రం 20.64 మిల్లీమీటర్ల బదులు 22.22. మాస్టర్ బోరు 5/8 అంగుళం, అంటే 15.87. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, పైన పిస్టన్ 25 మిల్లీమీటర్లు నడిస్తే 13/16 సిలిండర్‌లో రాడ్డు 14.8 జరుగుతుంది, 7/8లో 12.8 మాత్రమే. ఆ తేడా 2 మిల్లీమీటర్లే ప్లేటును ఫ్లైవీలుకు రాసుకునేలా ఉంచింది. ఎన్ని లీటర్ల ఆయిల్‌తో గాలి తీసినా ఈ 2 మిల్లీమీటర్లు ఎక్కడి నుంచి వస్తాయి?

13/16 సిలిండర్ అనంతపురంలో దొరకలేదు, బెంగళూరు జేసీ రోడ్డులో దొరికింది. బిగించి, గాలి తీసి కొలిస్తే 14.5. ఇంజిన్ ఆన్‌లో క్లచ్ తొక్కి పది లెక్కపెట్టి రివర్స్ వేస్తే చప్పుడు లేకుండా పడింది. పెడల్ మునుపటి బరువుకు వచ్చింది. గేర్‌బాక్స్ బోల్టు ఒక్కటీ కదలలేదు. ఈ లెక్క కాగితం మీద వేసి ఆ పెద్ద మెకానిక్‌కు చూపించే వచ్చాను, ఆయన టీ తాగమన్నాడు తప్ప ఏమీ అనలేదు.

బ్రేక్ ఆయిల్ రకం డాట్ 3 గానీ డాట్ 4 గానీ, డబ్బా మూత మీద ఏది రాసుంటే అది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు దిగుతుంది. సైలెన్సర్ పక్కనుంచి పైపు పోయే బండ్లలో వేసవి ఘాట్‌లో పెడల్ కిందికి కూలబడేది ఇందుకే. రెండేళ్లకొకసారి మార్చండి. అర లీటరు డబ్బా చాలు, తెరిచి నెలలు గడిచిన డబ్బా వాడొద్దు. ఇంజిన్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్ ఒక్క చుక్క కలిసినా రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. స్లేవ్ ఊడదీసి ఉన్నప్పుడు ఎవరినీ పెడల్ తొక్కనివ్వకండి, పిస్టన్ బయటికి తన్నుకొస్తుంది.

తప్పు సిలిండర్ ఇచ్చిన షాపువాడు "ఆయిల్ తగిలిన పార్టు వాపసు తీసుకోము" అని బోర్డు చూపించాడు. అందుకని కౌంటర్ దగ్గరే, డబ్బులు లెక్కపెట్టకముందే, పోత మీద అంకె చూడండి. అంకె లేకపోతే రబ్బరు ఎత్తి పిస్టన్ బయటికి తీసి వెర్నియర్‌తో బోరు కొలవండి. కొలవనివ్వనంటే ఇంకో షాపుకు పొండి.