అమ్మమ్మ దగ్గర ఆ మాటలున్నాయి

జూన్ మొదటి వారం, రోహిణి కార్తె ఇంకా పోలేదు. నెల్లూరు దర్గామిట్టలో మా అన్న వాళ్ళ మేడ మీద, నీళ్ళ ట్యాంకు నీడలో ఒక నీలం తొట్టి, అందులో రెండు తాబేళ్ళు. మా అమ్మాయి దాని పక్కన గొంతుక్కూచుని చాలాసేపు చూసి, "అమ్మా, ఈ చిన్నది మగది. పెద్దదాన్ని ఒప్పించాలని చూస్తోంది. దానికి ఇష్టం లేదు" అంది. తెలుగులోనే అంది, అదీ మా అమ్మ పక్కనే ఉండగా. నాకు నోట మాట రాలేదు.

మా అమ్మాయికి 13 ఏళ్ళు. టెక్సస్‌లో పుట్టి పెరిగింది. ఈ తాబేళ్ళదీ ఆ ఊరే. కళ్ళ వెనక ఎర్ర చార ఉండే రెడ్ ఇయర్డ్ స్లైడర్లు. మా అపార్ట్‌మెంట్ చెరువులో ఎండ కాసిన రోజున దుంగ మీద ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. అక్కడ 4 అంగుళాల లోపు తాబేలు పిల్లల్ని పెంచుకోవడానికి అమ్మకూడదని 1975 నుంచీ నిబంధన. చిన్న పిల్లలు వాటిని పట్టుకుని, నోట్లో పెట్టుకుని సాల్మొనెల్లా అనే కడుపు జబ్బు తెచ్చుకుంటున్నారని పెట్టారు. మా అన్న కొడుక్కి ఐదో పుట్టినరోజుకి తెచ్చిన ఈ రెండూ మాత్రం అప్పుడు రూపాయి బిళ్ళంతే ఉండేవట. ఇప్పుడు వాడికి 12 ఏళ్ళు. ఆడది టిఫిన్ ప్లేటంత అయింది, మగది నా అరచెయ్యంత.

మా అమ్మాయి నన్ను కూడా కూర్చోబెట్టి చూపించింది. మగది ఆడదాని ముందుకొచ్చి, దానికి ఎదురుగా నిలబడి, వెనక్కి వెనక్కి ఈదుతోంది. ముందు కాళ్ళు రెండూ చాచి, అరచేతులు బయటికి తిప్పి, పొడుగాటి గోళ్ళని దాని బుగ్గల పక్కన ఆడిస్తోంది. తీగ మీటినట్టు సన్నటి వణుకు. ఒక నిమిషం ఆగడం, మళ్ళీ మొదలు. ఆడదానికి ఇష్టమైతే నెమ్మదిగా అడుక్కి దిగి కదలకుండా ఉంటుంది. ఇది అలా లేదు. తల లోపలికి లాక్కుంది, పక్కకి తిరిగింది, ఇటుక వెనక్కి పోయింది. వీడు మళ్ళీ ముందుకే వచ్చాడు. చివరికి అది నోరు తెరిచి కొరకబోయింది. తొట్టిలో ఇంక పోవడానికి చోటు లేదు మరి. దాని మెడ మీద చర్మం రెండు చోట్ల చిట్లి ఎర్రగా కనిపించింది.

"ఆడుకుంటున్నాయి అనుకున్నామే!" అంది వదిన. మేమూ రెండేళ్ళు అదే అనుకున్నాం. ఊరు మారిపోతున్న ఒక తెలుగు కుటుంబం మాకు రెండు తాబేళ్ళు ఇచ్చి వెళ్ళింది. చిన్నప్పుడు రెండూ ఒకదానికొకటి గోళ్ళు ఆడించేవి. ఈడు రాని పిల్లలు కూడా అలా చేస్తాయి, కాబట్టి దాన్నిబట్టి ఆడా మగా తేల్చలేం. మగదాని గోళ్ళు సాగి, తోక లావెక్కాకే మాకు అర్థమైంది. వేరే తొట్టిలో పెడదామనుకుంటే మా అమ్మ ఫోన్లో, "ఒంటి ప్రాణాన్ని ఎట్టా ఉంచుతారే, పాపం" అంది. ఆ మాట పట్టుకుని ఇంకో ఆరు నెలలు కలిపే ఉంచాను. ఆడది మేత మానేసి ఎండకి కూడా రాకుండా మూల కూర్చున్నాక విడదీశాం. వీటికి తోడు అక్కర్లేదు. గుంపుగా దుంగెక్కేది ఎండ కోసమే, స్నేహం కోసం కాదు. ఇది నేను ముందే తెలుసుకోవాల్సింది.

అదంతా మా అమ్మాయి కళ్ళతో చూసింది. అడిగిన ప్రతిదానికీ నేను ఇంగ్లీషులో జవాబు చెప్పాను. తన ఒంటి గురించి, ఇష్టం గురించి, వద్దనడం గురించి కూడా అంతే. తెలుగులో ఆ మాటలెత్తితే నాకే గొంతు పూడుకుపోతుంది. నేను పెరిగిన ఇంట్లో ఆ మాటలు లేవనే ఇన్నాళ్ళూ నమ్మాను.

మేడ మీద మా అమ్మ మాత్రం కొంగు దోపుకుని తొట్టి మీదికి వంగింది. "నువ్వు చెప్పేది నిజమేనమ్మే. గేదె ఎదకొస్తే అరిచి చెప్తాది. దీనికి నోరు లేదు. ఇట్టా మొహం తిప్పుకోవడమే దాని మాట" అంది. ఎద అంటే ఏంటని మనవరాలు అడిగింది. అమ్మ తడుముకోకుండా చెప్పింది. జత కట్టడం, చూలు, ఈనడం అన్నీ చెప్పింది. మైపాడు దగ్గర పుట్టింట్లో ఉన్నప్పుడు, పుష్య మాఘ మాసాల్లో సముద్రంలో తాబేళ్ళు జంటగా తేలడం చేపలు పట్టే పట్టపోళ్ళు చూసి చెప్పేవాళ్ళట. మగది ఆడదాని డిప్పని గోళ్ళతో పట్టుకుని గంటలకొద్దీ అట్టాగే అలల మీద ఉంటుందట. "ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టేది మాత్రం ఆడదొక్కటే, రాత్రి పూట" అంది. నాకీ సంగతి 40 ఏళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

సాయంత్రానికి అన్న ఇంకో తొట్టి తెచ్చాడు. రెండింటికీ ఒక్కో రాయి, ఒక పక్క నీడ, ఒకదానికొకటి కనబడకుండా మధ్యలో అట్ట. ఆడదానికి మాత్రం జానెడు లోతు తడి ఇసక పెట్టమని మా అమ్మాయి పట్టుబట్టింది. మగదాన్ని విడదీసినా గుడ్లు రావచ్చు, చోటు దొరక్క కడుపులోనే ఆపుకుంటే ప్రాణం మీదికొస్తుంది. వదిన, "రెండింటినీ నెల్లూరు చెరువులో వదిలేస్తే పీడా పోతుంది కదా" అంది. దానికి మాత్రం మేమిద్దరం గట్టిగా వద్దన్నాం. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 చొరబాటు జీవుల జాబితాలో ఈ జాతి ఉంది. మన చెరువుల తాబేళ్ళ మేత, ఎండ చోటు ఇది లాక్కుంటుంది. గుడ్లు 26 డిగ్రీల్లో పొదిగితే మగవి, 31లో ఆడవి పుడతాయని మా అమ్మాయి చెప్తే, "అయితే మన నెల్లూరులో అన్నీ ఆడపిల్లలే" అని మా అమ్మ మురిసిపోయింది.

మేం తిరిగొచ్చిన మూడో వారం, అమ్మ వీడియో కాల్ చేసింది. నన్ను పక్కకి తప్పుకోమని మనవరాల్ని పిలిచింది. "రెండు రోజులుగా మేత ముట్టలేదమ్మే. వెనక కాళ్ళతో ఇసక తోడి, మళ్ళీ పూడ్చింది. గుడ్లేనంటావా?" అవునంది మా అమ్మాయి. ఎన్నున్నాయో తవ్వి చూడమని వెనకనుంచి మా అన్న కొడుకు అరుస్తున్నాడు. అమ్మ వాడికేసి చెయ్యి ఊపింది. "ఇప్పుడు కాదు. అలిసిపోయుండాది. రేపు చూద్దాంలే" అంటూ ఫోను ఇసక మీదికి తిప్పింది.