రాఖీగఢీ స్త్రీ డీఎన్‌ఏను కోనసీమలో చదివిన నా అనుభవం

కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న నేల చాలా వరకు గత ఐదారు వేల సంవత్సరాలలో గోదావరి మోసుకొచ్చిన ఒండ్రుతో ఏర్పడింది. కనుక ఇక్కడ ఉంటున్న మా అందరి పూర్వీకులూ ఎప్పుడో ఒకప్పుడు మరో చోటి నుంచి వచ్చి స్థిరపడ్డవారే. వారు ఎవరెవరితో కలుస్తూ ఇక్కడిదాకా వచ్చారన్న ప్రశ్నకు ప్రాచీన డీఎన్‌ఏ ఎంతవరకు జవాబు చెప్పగలదో స్వయంగా లెక్క వేసి చూడాలని, జంతుశాస్త్రం బోధించే నాకు చాలాకాలంగా ఉండేది. అమలాపురం దగ్గర మా ఇంట్లో, మామూలు ల్యాప్‌టాప్ మీద ఆ పని ఎలా సాగిందో రాస్తున్నాను.

ఈ పనికి డెల్టాలోని ఎముకల మీద ఆశ పెట్టుకోలేదు. వేడి, తేమ కలిస్తే డీఎన్‌ఏ త్వరగా ముక్కలవుతుంది. మా నేలలో ఆ రెండింటికీ కొదవ లేదు. ఇక్కడికంటే పొడిగా ఉండే హర్యానాలోని సింధు నాగరికత నాటి ఊరు రాఖీగఢీలోనే 61 అస్థిపంజర నమూనాలను పరీక్షిస్తే, ఒకే ఒక్క స్త్రీ నుంచి పనికొచ్చే డీఎన్‌ఏ లభించింది. చెవి లోపలి భాగాన్ని కాపాడే అతి గట్టి ఎముకలో మిగిలిన ఆ కాస్త ఆధారంతో, సుమారు 4,500 ఏళ్ల కిందటి ఆ స్త్రీ వంశవారసత్వాన్ని 2019లో ప్రకటించారు. ఇరాన్ ప్రాంతీయులకు దూరపు బంధుత్వమున్న వారసత్వం, దక్షిణాసియా ప్రాచీన వేటగాళ్ల వారసత్వం ఆమెలో ఉన్నాయి. యూరేషియా గడ్డిమైదానాలైన స్టెప్పీలోని పశుపాలకుల వారసత్వం కనబడలేదు.

ఆమె సమాచారంతో పాటు ప్రపంచమంతటి ప్రాచీన, వర్తమాన మానవుల జన్యు సమాచారాన్ని హార్వర్డ్‌లోని డేవిడ్ రీచ్ ప్రయోగశాల ఎవరైనా ఉచితంగా దించుకునేలా ఉంచింది. ఫైళ్లు పెద్దవి కావడంతో, ఊళ్లో నెట్ మీద ఒత్తిడి తగ్గే రాత్రివేళల్లో దించుకున్నాను. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద, జన్యు సమాచారాన్ని పోల్చి లెక్కించే ఐగెన్‌సాఫ్ట్, అడ్మిక్స్‌టూల్స్ అనే ప్రోగ్రాములు ఎక్కించడం ఓపికతో కూడిన పనే తప్ప కష్టమైనది కాదు.

దించుకున్న ఫైలు కుదించిన రూపంలో ఉంటుంది. కన్వర్ట్‌ఎఫ్ అనే సాధనంతో రాఖీగఢీ స్త్రీ ఒక్కరి సమాచారాన్నే మనం చదవగలిగే రూపంలోకి మార్చి తెరిచాను. ఒక్కో వరుస జన్యుపటంలో ఒక్కో స్థానానికి గుర్తు. 0, 2 అంటే అక్కడ ఏ అక్షరం దొరికిందో తెలిసినట్టు, 9 అంటే ఏమీ దొరకనట్టు. తెర నిండా 9, దాని కింద 9, మళ్లీ 9. చాలా వరుసలు దాటాక ఒక 2, ఆ తర్వాత మళ్లీ తొమ్మిదులే. చూడదలచిన 12 లక్షల పైచిలుకు స్థానాలలో ఆమెకు దొరికినవి సుమారు 31 వేలు మాత్రమే. పరిశోధనాపత్రంలో ఈ అంకెను ఎన్నోసార్లు చదివాను గాని, ఆ వరుసలను వేలితో జరుపుతూ పోయినప్పుడే ఆ కొద్దిపాటి ఆధారం ఎంత విలువైనదో నాకు అర్థమైంది.

జన్యుపరమైన పోలికలను బట్టి మనుషులను చుక్కలుగా చూపే పటాన్ని పీసీఏ అంటారు. ఇంత లోటున్న నమూనాను ఆ పటంలో నేరుగా పెడితే, సమాచారం లేకపోవడం వల్లనే అది మధ్యకు జరిగిపోతుంది. అందువల్ల అక్షాలను వర్తమాన జనాలతో నిర్ణయించి, ప్రాచీనులను వాటి మీదకు తర్వాత ప్రక్షేపించాలి. ఐగెన్‌సాఫ్ట్‌లోని స్మార్ట్‌పీసీఏ ప్రోగ్రాములో అందుకు ప్రత్యేకమైన ఆదేశం ఉంది. అంత చేసినా పటంలో చుక్క ఎక్కడ పడిందన్నది సూచనే అవుతుంది, రుజువు కాదు.

రుజువుకు దగ్గరగా వచ్చేది, రెండు జనాలలో ఏది మూడో జనానికి జన్యుపరంగా దగ్గరో కొలిచే ఎఫ్4 గణన. ఆ భాండాగారంలో మన తెలుగు నేలకు చెందిన మాల, విశ్వబ్రాహ్మణ సముదాయాల నమూనాలు ఉన్నాయి. ఆఫ్రికాకు చెందిన ఎంబూటీలను దూరపు కొలమానంగా పెట్టి, స్టెప్పీకి చెందిన ప్రాచీన సింతాష్టా జనానికి మాల నమూనాలు దగ్గరా, ఉత్తరప్రదేశ్ తివారీ నమూనాలు దగ్గరా అని అడిగాను. తివారీలే దగ్గరని, యాదృచ్ఛికమని కొట్టిపారేయలేనంత స్పష్టంగా తేలింది. అండమాన్ దీవుల ఆదివాసులైన ఓంగేలతో పోల్చినప్పుడు ఫలితం తారుమారై మాల నమూనాలు దగ్గరయ్యాయి. ఇది హెచ్చుతగ్గుల తేడాయే గాని ఉండటం లేకపోవడం కాదు. ఓంగేలు మన పూర్వీకులూ కారు, దక్షిణాసియా ప్రాచీన వేటగాళ్లకు దూరపు జ్ఞాతులు మాత్రమే.

పని జరుగుతున్న రోజుల్లో మా వీధిలోని కొబ్బరి రైతు ఒకాయన అరుగు మీద కూర్చుని, “మాస్టారూ, మావాళ్లు ఏ ఊరి నుంచి వచ్చారో కూడా చెప్పేస్తుందాండీ అది?” అని అడిగారు. ఊరి పేరు చెప్పదండీ అన్నాను. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న 2013 నాటి అధ్యయనం ప్రకారం, సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు ఈ దేశంలో జనాలు విస్తృతంగా కలిసిపోయారనీ, ఆ కలయిక దాదాపు అన్ని సముదాయాలలోనూ కనిపిస్తుందనీ, ఆ తర్వాతే ఎవరి వివాహాలు వారిలోనే జరగడం బిగుసుకుందనీ వివరించాను. “అయితే అంతకు ముందు అంతా కలిసిపోయినవాళ్లమేనన్నమాట” అని ఆయన చాలాసేపు అక్కడే ఉండి, పటంలో ఏ చుక్క ఎవరిదో ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకున్నారు.

ఏ వారసత్వం ఎంత పాలు ఉందో అంచనా కట్టే క్యూపీఆడమ్ గణన ఇంకా మిగిలి ఉంది. రాఖీగఢీ స్త్రీ ఒక్కరినే ఆధారం చేసుకుంటే అంచనాలో అనిశ్చితి బాగా పెరుగుతుంది కనుక, ఆమెకు జన్యుపరంగా దగ్గరైన, తుర్క్‌మెనిస్తాన్‌లోని గోనూర్, ఇరాన్‌లోని షహ్రె సోఖ్తా ప్రాచీన స్థలాల నమూనాలను కూడా కలిపి, చివరి సంవత్సరం విద్యార్థులతో కలిసి ఆ లెక్క మొదలుపెట్టాను.