పివట్ బోల్ట్ మొండికేస్తే

మిర్యాలగూడ వైపు వరి మడుల బురదలో ఏళ్ల తరబడి తిరిగిన పాత మోటార్‌సైకిళ్లలో స్వింగ్ ఆర్మ్‌ను (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయి) ఫ్రేమ్‌కు బిగించే పివట్ బోల్ట్, దాని చుట్టూ ఉండే లోపలి స్లీవ్‌కు (లోహపు గొట్టం) తుప్పుతో అతుక్కుపోతుంది. నట్టు తీసినంత మాత్రాన ఊడి రాదు.

ఇంజిన్ కింద చెక్క దిమ్మ పెట్టి, చైన్, వెనక చక్రం, బ్రేక్ రాడ్, షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు తీసేయండి. పివట్‌కు రెండు వైపులా తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా నాననివ్వండి. నట్టును మర చివరకు సమంగా మళ్లీ ఎక్కించి, ఇత్తడి కడ్డీ ఆనించి కొట్టాలి. నేరుగా సుత్తి వేస్తే బోల్ట్ చివర పువ్వులా విచ్చుకుంటుంది, ఇక రంధ్రంలోంచి రాదు.

బోల్ట్ తిరుగుతూ బయటికి రావట్లేదా? స్లీవ్ కూడా దాంతోపాటే తిరుగుతున్నట్టు. ఫ్రేమ్‌కీ ఆర్మ్‌కీ మధ్య సందులో హాక్సా బ్లేడ్ పెట్టి బోల్ట్‌ను రెండు పక్కలా కోసేయడమే నయం. బుష్‌లు (స్లీవ్‌లతో కూడిన తొడుగులు) ఎలాగూ మార్చాల్సినవే! రంపం మాత్రం ఫ్రేమ్‌కు తగలనివ్వద్దు.