కడగడానికి నీళ్లు లేని చోట ఊక బూడిద

కానుగ నూనెలో మిథనాల్, కొద్దిగా క్షారం కలిపి 60 డిగ్రీల దగ్గర వేడి చేస్తే గ్లిజరిన్ అడుగుకు దిగి, బయోడీజిల్ పైన తేలుతుంది. అలా తేలినదాన్ని వెంటనే ఇంజనులో పోయకూడదు. అందులో సబ్బు, మిగిలిన మిథనాల్, క్షారం, కంటికి కనిపించని గ్లిజరిన్ ఉంటాయి. ఈ గ్లిజరిన్ 0.02 శాతం మించరాదని అమెరికా, యూరప్ ప్రమాణాలు రెండూ నిర్దేశిస్తున్నాయి.

వీటిని తొలగించడానికి నీటితో పలుమార్లు కడగడం పాత పద్ధతి. తాగునీటికే ఫ్లోరైడ్ బెడద ఉన్న మా కనిగిరి ప్రాంతంలో, ఇంధనం కడిగి ఆ సబ్బు నీటిని వాగులోకి వదలమని చెప్పడానికి నాకు మనసొప్పదు. పైగా నిల్వ గింజల నుంచి తీసిన కానుగ నూనెలో ఆమ్లాలు ఎక్కువ కావడం వల్ల సబ్బు కూడా ఎక్కువగా తయారవుతుంది. సీసాలో నీళ్లు పోసి గట్టిగా కుదిపితే, రెండు పొరల నడుమ మజ్జిగలాంటి తెల్లని తెట్టు ఏర్పడి, మరునాటికి కూడా విడిపోదు. బోరు నీటిలోని కాల్షియం ఆ సబ్బును జిగురు ముద్దగా మారుస్తుంది.

నీటికి బదులు అధిశోషకాలను, అంటే మలినాలను తమ ఉపరితలంపై పట్టి ఉంచే పొడులను వాడవచ్చు. బజారులో దొరికే మెగ్నీషియం సిలికేట్ మంచిదే గానీ, నెల్లూరు వైపు రైసు మిల్లుల బాయిలర్ల దగ్గర గుట్టలుగా పడి ఉండే ఊక బూడిద మీదనే నాకు ఆశ ఎక్కువ. బాగా కాలిన ఊక బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా ఉంటుంది. ఆ సిలికా ఉపరితలంపై ఉండే హైడ్రాక్సిల్ సమూహాలు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు) గ్లిజరిన్‌ను, సబ్బును, నీటిని పట్టి ఉంచుతాయి. వాటితో అంత బంధం ఏర్పరచుకోని ఎస్టర్లు, అంటే అసలు బయోడీజిల్, వడపోతలో కిందికి దిగిపోతాయి. వాడేసిన వంటనూనెతో చేసిన బయోడీజిల్‌పై జరిగిన పరీక్షలలో బరువులో 4 శాతం ఊక బూడిద చక్కగా పనిచేసింది.

అయితే ఏ బూడిద పడితే అది పనికిరాదు. మంట మరీ తీవ్రమైతే సిలికా స్ఫటికంగా మారి పట్టు కోల్పోతుంది, దాని దుమ్ము ఊపిరితిత్తులకు కూడా హానికరం. అందువల్ల 700 డిగ్రీలు దాటకుండా కాల్చిన బూడిదను ఎంచుకొని, జల్లించేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు కట్టుకోవాలి. మిథనాల్‌ను ముందే ఆవిరిగా తీసివేసి, ఆ తరువాతే బూడిద వేసి, వెచ్చగా అరగంట కలిపి వడగట్టాలి. చర్య సగంలో ఆగి మిగిలిపోయిన నూనెను మాత్రం బూడిద తీయలేదు. వాడిన బూడిద నూనె పీల్చుకొని ఉంటుంది కనుక దానిని గుట్టగా పోయక, మూత ఉన్న ఇనుప డబ్బాలో, మంటకు దూరంగా ఉంచాలి.