మటన్ తగ్గించి ఉలవలు పెంచితే: శ్రీకాకుళం, విజయనగరం వంటింటి లెక్క

పర్యావరణం కోసం మాంసం మానేయమని చెప్పే వ్యాసాల్లో చాలావరకు గొడ్డుమాంసం రోజువారీ తిండిగా ఉన్న దేశాల లెక్కలే. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఆదివారం కిలో కోడి, పండక్కో చుట్టాలొస్తేనో మటన్, మిగతా రోజుల్లో పప్పూ చేపా తినే ఇంటికి ఆ లెక్క అతకదు. మన దేశంలో తలసరి మాంసం ఏడాదికి 7 కిలోలు అటూ ఇటూ. ప్రపంచ సగటు 40 కిలోలు దాటింది. అలాగని మన వంటింట్లో మార్చాల్సింది ఏమీ లేదనీ అనలేం. ఏది ఎంత తగ్గించాలి, దాని చోట ఏం పెట్టాలి అన్నది మన తిండిని బట్టి తేల్చుకోవాలి.

ముందు అంకెలు చూద్దాం. 2018లో జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అనే ఇద్దరు పరిశోధకులు 119 దేశాల్లోని సుమారు 38,000 పొలాల వివరాలు తీసుకుని, ఒక్కో ఆహారం వెనుక భూమిని వేడెక్కించే వాయువు ఎంత గాలిలో కలుస్తోందో లెక్కగట్టారు. మీథేన్ లాంటి వాయువులను కూడా కార్బన్ డయాక్సైడ్ కిందికి మార్చి చెప్పిన అంకెలివి. కిలో గొర్రె, మేక మాంసానికి సుమారు 40 కిలోలు. చెరువుల్లో పెంచిన రొయ్యకు 27. కోడికి 10. గుడ్లకు 4.7, బియ్యానికి 4.5, లీటరు పాలకు 3.15. పప్పుధాన్యాలకు 2 కిలోల లోపే. ఇవి ప్రపంచ సగటులు, మన ఊరి మేకకు అచ్చంగా ఇదే అంకె రాదు. అయినా ఏది ఎక్కువ ఏది తక్కువ అన్న వరుస పెద్దగా మారదు.

ఇప్పుడు నలుగురున్న ఇల్లు ఒకటి తీసుకుందాం. నెలకు బియ్యం 40 కిలోలు, కోడి 4, మటన్ 2, రొయ్యలు ఒక కిలో, పాలు 30 లీటర్లు, గుడ్లు 30. లెక్క వేస్తే బియ్యానికి 180, పాలకు 95, మటన్‌కు 80, కోడికి 40, రొయ్యలకు 27, గుడ్లకు 7 కిలోల వాయువు వస్తుంది. అన్నిటికన్నా పైన ఉన్నది బియ్యం! నీళ్లు నిలబెట్టిన మడిలో మట్టికి గాలి ఆడదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు కుళ్లిన దుబ్బులనూ గడ్డినీ తిని మీథేన్ వదులుతాయి, అది వరి కాడల గుండానే పైకొస్తుంది. వందేళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా 27 రెట్లకు పైగా, ఇరవయ్యేళ్ల లెక్కలో 80 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. కిలోకి చూస్తే బియ్యం చిన్నదే, కానీ మనం తినే రాశి పెద్దది. అందుకే మన జిల్లాల్లో మాంసం మాట ఎత్తితే అన్నం మాట కూడా ఎత్తాల్సిందే.

అదే ఇంట్లో మటన్ రెండు కిలోల నుంచి అర కిలోకి, కోడి మూడు కిలోలకి తగ్గించి, పెంపకపు రొయ్యలు మానేసి, బియ్యంలో పది కిలోల చోట చోళ్లు (రాగులు), గంట్లు (సజ్జలు) పెట్టి, పప్పులూ ఉలవలూ మూడు కిలోలు అదనంగా తెచ్చుకుంటే, వాటి పెంపకానికి అయ్యేది కలుపుకున్నా నెలకు వంద కిలోల పైన వాయువు తగ్గుతుంది. ఇంట్లో ఎవరూ శాకాహారి కానక్కర్లేదు.

మేకలు కొండవార తుప్పల్లో మేస్తాయి కదా, వాటికేం ఖర్చు అని అడుగుతారు. మేత కోసం పొలం దున్నరన్నది నిజమే. కానీ నెమరు వేసే జంతువు కడుపులో మీథేన్ పుట్టకుండా ఉండదు, పైగా నెమ్మదిగా పెరిగే జంతువు కిలో మాంసం ఇచ్చే లోపు ఎక్కువ రోజులు ఆ వాయువు వదులుతుంది. బ్రాయిలర్ కోడి ఆరు వారాల లోపే రెండు కిలోలకొస్తుంది, కిలో బరువు పెరగడానికి 1.6 కిలోల మేత చాలు. మటన్‌కూ కోడికీ నాలుగు రెట్ల తేడా రావడానికి ఇదే ముఖ్య కారణం.

మాంసం తగ్గించిన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు పనీర్. కిలో పనీరుకు ఐదారు లీటర్ల పాలు కావాలి. అంటే కోడి కూర చోట పనీర్ కూర వండితే కిలోకి 10 ఉన్నది 15 దాటుతుంది. ఈ లెక్కలో పనీర్ కన్నా కోడే నయం. పాలు మానమని కాదు, మాంసం బదులుగా పనీర్‌ను పెట్టుకోవద్దంటున్నాను.

బదులు పెట్టాల్సింది ఉలవలు. మన మెట్ట పొలాల్లో గోగు, వేరుశనగ తీశాక అక్టోబరు, నవంబరుల్లో మిగిలిన తేమకే చల్లేస్తారు. తడి పెట్టరు, యూరియా దాదాపుగా వెయ్యరు, వేర్ల మీది బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి భూమికిస్తాయి. వంద గ్రాముల్లో 21 గ్రాములకు పైగా ప్రోటీన్, మంచి ఇనుము. ఇంత మంచి గింజను ఎడ్లకు ఉడకబెట్టి, పైనీళ్లు మాత్రం చారుకు వంచుకోవడం మనకు అలవాటు. చారు రుచి సరే, ప్రోటీన్‌లో ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది. మాంసం బదులు అనుకుంటే గింజ కూడా తినాలి.

నలుగురికి 200 గ్రాముల ఉలవలు చాలు. పళ్లెంలో పరిచి రాళ్లూ మట్టిగడ్డలూ ఏరాలి, ఉలవల్లో ఇవి రంగు కలిసిపోయి కనపడవు. మూడు నీళ్లు కడిగి 10 నుంచి 12 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోయాలి. కడుపు ఉబ్బరం తెచ్చే చక్కెరలు కొంత అందులో పోతాయి. లీటరుంబావు కొత్త నీళ్లు పోసి కుక్కర్లో ఒక విజిల్ వచ్చాక మంట తగ్గించి అరగంట ఉంచాలి. గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే పిండిలా నలగాలి. పప్పు పలుకుగా మిగిలితే కారణం మూడింట్లో ఒకటి. ఉడికేటప్పుడే చింతపండు వేశారు, పులుపు గింజ తొక్కను మెత్తబడనివ్వదు. లేదా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, అప్పుడు తాగే నీళ్లతో నానబెట్టి వాటితోనే ఉడికించాలి. లేదా గింజ ఏడాది దాటిన పాతది. వంటసోడా వేస్తే త్వరగా ఉడుకుతుంది కానీ బి1 విటమిన్ పోతుంది, వద్దు.

వంచిన నీళ్లలో నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, చిన్న బెల్లం ముక్క వేసి 20 నిమిషాలు మరిగిస్తే చారు. గింజలో సగం మెత్తగా రుబ్బి చారులో కలిపితే చిక్కదనం వస్తుంది, మిగతా సగం ఉల్లిపాయ, ఎండుమిర్చి, కరివేపాకు పోపుతో గుగ్గిళ్లు. అలవాటు లేని కడుపుకు మొదటి వారం మనిషికి ఒక గుప్పెడు మించి పెట్టకండి. రెండు మూడు వారాల్లో పేగులు సర్దుకుంటాయి.

ప్రోటీన్ లెక్క ఇలా చూసుకోవచ్చు. 150 గ్రాముల మటన్‌లో సుమారు 30 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. 60 గ్రాముల ఉలవల్లో 13, ఒక గుడ్డులో 6 పైన, 20 గ్రాముల ఎండు నెత్తళ్లలో దాదాపు 12. మూడూ కలిపితే లెక్క సరిపోతుంది.

మన తీరానికి నెత్తళ్లు, కవ్వళ్లు వరం. గుంపులు గుంపులుగా ఒడ్డుకు దగ్గరగా దొరికే చిన్న చేపలు కాబట్టి కిలో చేపకు పడవ కాల్చే డీజిల్ తక్కువ. మేత పెట్టక్కర్లేదు, చెరువు తవ్వక్కర్లేదు, నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పక్కర్లేదు. పెంపకపు రొయ్యకు ఇవన్నీ కావాలి. వంజరం కోసమే పట్టు పట్టకుండా వారానికి రెండు పూటలు చిన్న చేపకు మారినా మంచి మార్పే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రెండు నెలలకు ముందే ఎండబెట్టినవి తెచ్చిపెట్టుకోవాలి. కొనేటప్పుడు తల ఊడకుండా, వెండిరంగు మెరుపు ఉన్నవి చూడండి. పొడి రాలుతున్నా, ఎర్రగా మారినా, వేలికి తడి తగిలినా తీసుకోవద్దు. తల తీసి గోరువెచ్చని నీళ్లలో రెండుసార్లు కడిగితే ఇసుకా ఉప్పూ పోతాయి. ఉప్పు వేయకుండా ఎండబెట్టినవి దొరికితే అవే తీసుకోండి, రక్తపోటు ఉన్నవాళ్లు అవి తప్ప వేరేవి ముట్టకపోవడమే మంచిది. ముల్లుతో సహా నమిలి తింటాం కనక కాల్షియం కూడా అందుతుంది.

ఇక అన్నం వంతు. చోళ్లు ఆరుతడి పంట, మడిలో నీళ్లు నిలబెట్టరు కాబట్టి వరి మడిలా మీథేన్ రాదు. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వేగావతి, ఇంద్రావతి లాంటి రకాలు కూడా వచ్చాయి. వంద గ్రాముల చోళ్లలో 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాములైనా ఉండదు. ప్రోటీన్ మాత్రం బియ్యంలో ఎంతో ఇందులోనూ అంతే. చోళ్లు తింటున్నాం కదా అని పప్పు తగ్గిస్తే నష్టం.

తేలికైన దారి పొద్దుటి అంబలి. 100 గ్రాముల చోడి పిండిని 300 మిల్లీలీటర్ల నీళ్లలో జారుగా కలిపి రాత్రంతా పులియబెట్టాలి. వేసవిలో 8 గంటలు చాలు, ధనుర్మాసపు చలిలో 14 గంటలైనా పట్టొచ్చు. పొద్దున్న 900 మిల్లీలీటర్ల నీళ్లు మరిగించి 50 గ్రాముల నూకలు మెత్తగా ఉడకనిచ్చి, మంట తగ్గించి, పులిసిన పిండిని సన్నధారగా పోస్తూ ఆపకుండా కలపాలి. పొడి పిండిని మరిగే నీళ్లలో వేస్తే పైన ఉడికి లోపల పచ్చిగా ఉండే ఉండలు కడతాయి, అవి మళ్లీ విడవవు. పది నిమిషాలకు రంగు ముదిరి పచ్చివాసన పోతుంది. చల్లారాక పావు లీటరు మజ్జిగ, ఉప్పు, ఉల్లిముక్కలు. నలుగురికి వస్తుంది. ఇడ్లీ, ఉప్మా, చద్దన్నం తినే పూటల్లో వారానికి నాలుగు దీనికిస్తే బియ్యం డబ్బాలో తేడా కనిపిస్తుంది. సాయంత్రం పూట జొన్న, గంటి రొట్టెలు కలిస్తే నెలకు పది కిలోల బియ్యం తగ్గించడం కష్టం కాదు.

ఆదివారం కూర మానక్కర్లేదు, సగం చెయ్యండి. అర కిలో కోడికి నానబెట్టి ముప్పాతిక ఉడికించిన బొబ్బర్లు 150 గ్రాములు కలిపితే మసాలా అదే, ముక్కలు తగ్గాయని అనిపించదు. కోడి సగం ఉడికాక బొబ్బర్లు వెయ్యాలి, మొదటే వేస్తే చితికి కూర ముద్దవుతుంది. మార్చి నుంచి మే దాకా సీతంపేట, పార్వతీపురం వైపు సంతల్లో లేత పనసకాయలు దొరుకుతాయి. పీచు మాంసంలా ఉంటుంది, మసాలా బాగా పడుతుంది, కానీ ప్రోటీన్ నామమాత్రం. ఆ పూట పక్కన పప్పు ఉండాలి.

ఈ తగ్గింపు అందరికీ కాదు. నెలకోసారి మాత్రమే కూర వండుకోగలిగే ఇంటికి ఈ మాట చెప్పడం అన్యాయం. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఎదిగే పిల్లలకు అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డూ పాలూ తగ్గించకూడదు. బి12 విటమిన్ ఏ పప్పులోనూ ఉండదు. గుడ్డు, పాలు, చేపల్లో ఏదో ఒకటి ఉంచుకోవాలి, పూర్తిగా మానేసేవాళ్లు డాక్టర్‌ని అడిగి మాత్ర వేసుకోవాలి. ఉలవల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే భోజనంలో నిమ్మరసమో ఉసిరికాయో ఉండాలి. తిన్న గంట లోపు టీ తాగితే ఆ ఇనుములో చాలావరకు వృథా.

మన దగ్గర తినేవాళ్లలో చాలామంది పండించేవాళ్లు కూడా. బోరు కింద వరి వేసేవాళ్లు ఊడ్చిన రెండు వారాల తర్వాత నుంచి మడిని ఆరబెడుతూ తడపొచ్చు. 30 సెంటీమీటర్ల పైపు ముక్కకు కింది సగానికి బెజ్జాలు పెట్టి, ఆ సగం మట్టిలో దిగేలా పాతాలి. లోపలి మట్టి తీసేస్తే నీటిమట్టం కనిపిస్తుంది. నీళ్లు నేల కింద 15 సెంటీమీటర్లకు దిగాక మళ్లీ 5 సెంటీమీటర్లు పెట్టాలి. పూత దశలో మాత్రం ఆరనివ్వకూడదు, తాలు గింజలొస్తాయి. నీళ్లూ మీథేనూ రెండూ తగ్గుతాయి, కలుపు మాత్రం పెరుగుతుంది. వంశధార, నాగావళి కాలవల కింద పల్లపు మళ్లల్లో వానాకాలంలో ఇది కుదరదు, అక్కడ నీరు రైతు చేతిలో ఉండదు.

పారేసే తిండి సంగతి కూడా చూడాలి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల తిండి పారేసింది, అందులో 60 శాతం ఇళ్ల నుంచే. చెత్తకుప్పలో అడుగున పడ్డ అన్నం మడిలోని దుబ్బులాగే గాలి ఆడక మీథేన్ వదులుతుంది. పెళ్లి భోజనాల్లో ఆకు మీద అన్నం ఒకేసారి కుప్పగా వడ్డించకుండా రెండోసారి అడిగి వేయమని వడ్డించేవాళ్లకు ముందే చెప్పండి, బిర్యానీకీ మటన్‌కీ మరీ ముఖ్యం. ఇంట్లో మిగిలిందాన్ని ఒక వంతు తడి చెత్తకు రెండు వంతుల ఎండుటాకుల చొప్పున పొరలుగా వేసి వారానికోసారి తిరగేస్తే గాలి ఆడి ఎరువవుతుంది. కంపు కొడితే ఆకు తక్కువైందని అర్థం.

కొత్త ఉలవలు జనవరి, ఫిబ్రవరుల్లో సంతకొస్తాయి. ఏడాదికి సరిపడా అప్పుడే కొనుక్కోవడం మేలు. రెండు మూడు ఎండలు బాగా ఎండబెట్టి, పూర్తిగా చల్లారాక కిలోకి 5 మిల్లీలీటర్ల వంటనూనె అరచేతులతో గింజ గింజకూ అంటేలా రుద్ది మూత గట్టి డబ్బాలో పోయాలి. పుచ్చు పురుగు గుడ్డు గింజ మీద పెడుతుంది, నూనె పొర ఉంటే ఆ గుడ్డుకు ఊపిరాడదు. వేడి గింజల్ని డబ్బాలో పోస్తే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. విత్తనానికి ఉంచుకునేవి వేరే డబ్బాలో పెట్టి, వానలు మొదలయ్యే ముందు ఒకసారి తీసి చూసుకోండి.